2,183 రూపాయల తేడా

"మీ కారు ఇన్సూరెన్స్ ఇంకో 20 రోజుల్లో ముగుస్తుంది" అని మెసేజ్ వచ్చింది. ఆన్‌లైన్ మీటింగ్ నడుస్తోంది, కెమెరా ఆఫ్‌లో ఉంది. లింక్ నొక్కాను. రెండు రేట్లు కనబడ్డాయి. థర్డ్ పార్టీ ఒక్కటే అయితే 2,884 రూపాయలు. ఫుల్ ఇన్సూరెన్స్ అయితే 5,067. తేడా 2,183.

నెలకి బయట తిండికి నేను పెట్టే ఖర్చులో ఇది సగం కూడా కాదు. అయినా ఈ తేడా దగ్గరే 20 రోజులు ఆగిపోయాను. ఆ 20 రోజులు ఏం చేశానో, 24వ రోజు ఏం జరిగిందో చెప్తాను. మీ ఇంట్లో కూడా నాన్నగారి పాత కారు ఒకటి ఉండి, ప్రతి ఏడాదీ "దీనికి ఇంత అవసరమా?" అనిపిస్తుంటే, ఇది మీకు పనికొస్తుంది.

ఏపీ 20 నంబరు బండి

మాది ఖమ్మం. నాన్న గవర్నమెంట్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. 2012 దసరాకి వ్యాగన్ ఆర్ కొన్నారు. వెండి రంగు. ఉమ్మడి రాష్ట్రం నాటి రిజిస్ట్రేషన్ కాబట్టి నంబర్ ప్లేట్ మీద ఇప్పటికీ ఏపీ 20 అనే ఉంటుంది. నేనప్పుడు ఇంటర్ ఫస్టియర్. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించిన రోజు అమ్మ ముందు సీట్లో కూర్చోడానికి సిగ్గుపడటం నాకింకా గుర్తే.

నాన్న రిటైరయ్యాక మోకాళ్ల నొప్పులతో కారు తీయడం తగ్గించేశారు. రెండేళ్ల కిందట "వానల్లో బైక్ మీద తిరక్కురా, దీన్ని తీసుకుపో" అని తాళాలు నా చేతిలో పెట్టారు. ఆర్‌సీ మాత్రం ఆయన పేరు మీదే ఉంది. ఇప్పుడది కేపీహెచ్‌బీలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో, రెండు పెద్ద ఎస్‌యూవీల మధ్య చిన్నపిల్లాడిలా నిలబడి ఉంటుంది.

కారుతో పాటు నీలం రంగు ప్లాస్టిక్ ఫైల్ కూడా ఇచ్చారు. అందులో 13 పాలసీలు వరసగా ఉన్నాయి. ఒక్క రోజు కూడా గ్యాప్ లేదు. ఒక్క క్లెయిమ్ కూడా లేదు. అన్నీ ఫుల్ ఇన్సూరెన్సే. పోయినేడాది దాకా రెన్యువల్ కూడా నాన్నే చేయించారు. ఈసారి "బండి నీ దగ్గరే ఉంది కదా, నువ్వే చూసుకో" అన్నారు.

సరే, నేను ఇంజినీర్ని కదా. చూసుకుందాం అని ఎక్సెల్ తెరిచాను.

ఎక్సెల్ చెప్పిన లెక్క

ముందు ఆ రెండు రేట్లలో ఏముందో విడగొట్టాను. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా, ఆస్తి పాడైనా ఇచ్చే పరిహారం. ఇది చట్టప్రకారం తప్పనిసరి. దీని రేటు కంపెనీ చేతిలో ఉండదు, ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 1000 సీసీ లోపు కార్లకి 2022 జూన్ నుంచి 2,094 రూపాయలు. నాది 998 సీసీ, ఆ లెక్కలోకే వస్తుంది. ఓనర్ బండి నడుపుతూ ప్రమాదానికి గురైతే వచ్చే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్‌కి 350. రెండూ కలిపి 2,444. దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 2,884.

ఫుల్ ఇన్సూరెన్స్ అంటే దీనికి "ఓన్ డ్యామేజ్" కలుస్తుంది. అంటే మన కారుకి దెబ్బ తగిలినా, దొంగలెత్తుకెళ్లినా, వరదలో మునిగినా వచ్చే డబ్బు. నా కారుకి దీని రేటు 3,700. కానీ 13 ఏళ్లుగా క్లెయిమ్ చేయలేదు కాబట్టి నో క్లెయిమ్ బోనస్ 50 శాతం పోయి 1,850. జీఎస్టీతో 2,183. తేడా అంతా ఇక్కడే ఉంది.

మరి ఈ 2,183కి నాకు ఏమొస్తుంది? కారు విలువ, అదే ఐడీవీ, 1,10,000 అని చూపించింది. కొత్త కారుకి ఐడీవీ ఎంతుండాలో ఒక పట్టిక ఉంటుంది. అయిదేళ్లు దాటితే ఆ పట్టిక వర్తించదు. కంపెనీ, మనం కలిసి ఒప్పుకున్నదే విలువ. అందుకే ఒకే కారుకి ఒక చోట 85 వేలు, ఇంకో చోట లక్షా 40 వేలు చూపించాయి.

పూర్తిగా పోతే ఐడీవీ వస్తుంది, సరే. చిన్న దెబ్బలకో? ఇక్కడే పాత కార్ల అసలు కథ ఉంది. క్లెయిమ్‌లో మార్చిన విడిభాగాలకి తరుగు కోస్తారు. ప్లాస్టిక్, రబ్బరు వస్తువులకి కారు కొత్తదైనా పాతదైనా 50 శాతం. ఇనుప భాగాలకి వయసును బట్టి పెరుగుతూ పోయి, పదేళ్లు దాటితే అదీ 50 శాతం. ఒక్క అద్దాలకే కోత లేదు. ఈ కోత లేకుండా చేసే జీరో డెప్ అనేది ఇంత పాత బండికి నాకెక్కడా దొరకలేదు. దీని మీద, చిన్న కార్లకి ప్రతి క్లెయిమ్‌లో మొదటి వెయ్యి రూపాయలు మనమే పెట్టుకోవాలి.

ఒక ఉదాహరణ వేశాను. ముందు బంపర్, హెడ్‌లైట్ పోయాయి అనుకుందాం. సామాను 9,000, కూలి 3,000, మొత్తం బిల్లు 12,000. సామానులో సగం కోత పోతే 4,500. కూలి 3,000 కలిపితే 7,500. వెయ్యి తీసేస్తే చేతికొచ్చేది 6,500.

బాగానే ఉందనుకుంటున్నారా? ఆగండి. క్లెయిమ్ చేశాం కాబట్టి 50 శాతం బోనస్ సున్నా అవుతుంది. మళ్లీ 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి చేరడానికి అయిదేళ్లు పడుతుంది. ఆ అయిదేళ్లలో నేను పోగొట్టుకునే డిస్కౌంట్ లెక్క వేస్తే 3,700కి 125 శాతం, అంటే 4,625. జీఎస్టీతో 5,457. కంపెనీ ఇచ్చిన 6,500లో అంత నేనే వాయిదాల్లో తిరిగి కట్టేస్తున్నానన్నమాట. మిగిలేది వెయ్యి రూపాయలు. దాని కోసం ఫొటోలు, ఫారాలు, సర్వేయర్ కోసం ఎదురుచూపులు.

అంటే పాత కారుకి ఓన్ డ్యామేజ్ చిన్న దెబ్బల కోసం కాదు. కారు మొత్తానికే పోతే పనికొస్తుంది, అంతే. వెయ్యి పోగా 1,09,000 రావడానికి ఏడాదికి 2,183 కడుతున్నాను. భాగిస్తే యాభై. యాభై ఏళ్లలో ఒకసారి కారు పూర్తిగా పోతే గానీ నా డబ్బు నాకు తిరిగి రాదు. ఈ కారుకి 2027లో పదిహేనేళ్లు నిండుతాయి. మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలో, స్క్రాప్‌కి ఇవ్వాలో అప్పుడు చూడాలి.

తేలిపోయింది, థర్డ్ పార్టీ చాలు. పైగా మా నాన్న 13 ఏళ్లు డబ్బులు దండగ చేశారు. ఈ ముక్క ఆయనకి ఫోన్ చేసి మరీ చెప్పాను. అదే నేను చేసిన మొదటి తప్పు.

నాన్న లెక్క వేరు

నాన్న మొత్తం విన్నారు. లెక్కల మాస్టారు కాబట్టి మధ్యలో ఒకసారి "125 శాతం ఎట్లా వచ్చిందిరా?" అని అడిగి, చెప్పాక "ఊ, కరెక్టే" అన్నారు. తర్వాత మెల్లగా చెప్పారు.

"ఏరా, 2012లో నా జీతంలోంచి కారు లోన్ పోయేది. మీ అక్క పెళ్లికి చిట్టీ కట్టేవాణ్ని. నీ హాస్టల్ ఫీజు ఉండేది. అప్పుడు ఆ కారు ఏ లారీ కిందో పడితే, కారు లేకపోయినా లోన్ కట్టాలి కదా. బ్యాంకు వాళ్లు కూడా లోన్ ఉన్నన్నాళ్లు ఫుల్ ఉండాల్సిందే అన్నారు. లోన్ అయిపోయాక నీ ఇంజినీరింగ్ మొదలైంది. నా దగ్గర లక్ష రూపాయలు ఊరికే ఎప్పుడున్నాయి చెప్పు?"

నా దగ్గర జవాబు లేదు. నా ఎక్సెల్‌లో కారు విలువ ఉంది, ప్రీమియం ఉంది, కోతలున్నాయి. కారు ఓనర్ బ్యాంక్ బ్యాలెన్స్ ఎంత అనే గడి లేదు. అదే కారు, అదే పాలసీ. లక్ష పోతే తట్టుకోగలిగినవాడికి ఒక జవాబు, తట్టుకోలేనివాడికి ఇంకో జవాబు.

అప్పుడే బాబాయ్ గుర్తొచ్చాడు. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగాయి కదా. బాబాయ్ ఇల్లు ఆ వైపే. ఆయనకో పాత కారు ఉండేది, అమ్మితే 80 వేలు వస్తే గొప్ప. థర్డ్ పార్టీ మాత్రమే ఉంది. నీళ్లు సీట్ల పైదాకా వచ్చాయి. బురద కడిగాక మెకానిక్ చెప్పిన రేటు కారు ధర కంటే ఎక్కువ. వరద అంటే ఓన్ డ్యామేజ్ కిందకి వస్తుంది కాబట్టి ఒక్క రూపాయి రాలేదు.

కారు పోతే పోయింది అనుకోవచ్చు. కానీ బాబాయ్‌ది కిరాణా కొట్టు. వారానికి మూడుసార్లు హోల్‌సేల్ మార్కెట్ నుంచి సరుకు తెచ్చేది ఆ కార్లోనే. రెండు నెలలు ఆటో కిరాయిలు పెట్టుకున్నాడు. తర్వాత ఫైనాన్స్ తీసుకుని ఇంకో సెకండ్ హ్యాండ్ బండి కొన్నాడు. 80 వేల కారు ఆయనకి 80 వేల కంటే ఎక్కువ నష్టం చేసింది.

నాకైతే కారు పోతే మెట్రో ఉంది. మరి నేను థర్డ్ పార్టీ తీసుకోవచ్చా? కానీ మా అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి పెద్దవాన పడితే నీళ్లొస్తాయి. మరి ఫుల్ తీసుకోవాలా? థర్డ్ పార్టీకి తోడు అగ్నిప్రమాదం, దొంగతనం మాత్రం కలిపి ఇచ్చే మధ్యరకం పాలసీ కూడా ఉంటుందని తెలిసింది. కానీ అందులో వరద ఉండదు. ఇట్లా రోజుకో ఆలోచన. ఎక్సెల్‌లో షీట్లు పెరిగాయి. రేపు కట్టేద్దాం, రేపు కట్టేద్దాం అనుకుంటూ పోయాను. మధ్యలో ఆఫీసులో రిలీజ్. ముగిసే తేదీ దాటిపోయిందని నాకు తెలుసు. తెలిసే, "వీకెండ్‌కి చూద్దాంలే" అనుకున్నాను.

24వ రోజు

పాలసీ అయిపోయి అప్పటికి 4 రోజులు. సాయంత్రం ఏడున్నర, సన్నగా వాన. ఆఫీసు నుంచి వస్తూ మెయిన్ రోడ్డు నుంచి ఎడమవైపు మా సందులోకి తిరిగాను. ఇండికేటర్ వేశానా అంటే, తిప్పుతూ వేశాను. ముందుగా వేయలేదు. అద్దంలో ఒక వెలుగు కనబడింది. బ్రేక్ వేసేలోపే ఎడమ పక్కన దబ్‌మని చప్పుడు.

దిగి చూస్తే ఫుడ్ డెలివరీ కుర్రాడు. స్కూటర్ పక్కకి జారిపోయింది, సంచిలోంచి సాంబారు రోడ్డు మీద కారుతోంది. అతను కింద కూర్చుని ఉన్నాడు. నాకు కాళ్లు ఆడలేదు. నిజం చెప్పాలంటే నా బుర్రలోకి మొదట వచ్చింది "అయ్యో" కాదు, "పాలసీ లేదు". రెండోది, "ఆర్‌సీ నాన్న పేరు మీద ఉంది".

"దెబ్బ ఎక్కడ తగిలింది తమ్ముడూ?" అని అడిగాను. "మోకాలన్నా. పర్లేదు" అన్నాడు. హెల్మెట్ పెట్టుకుని ఉండటం వల్ల తలకేం కాలేదు. పక్కనే ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్లాను. మోకాలు, మోచేయి గీరుకుపోయాయి. డ్రెస్సింగ్ చేసి టీటీ ఇంజెక్షన్ ఇచ్చారు. డాక్టర్ కాలు అటూ ఇటూ వంచి చూసి, ఎముకకేం కాలేదు, రెండ్రోజులు రెస్ట్ అన్నారు.

బయట బెంచీ మీద కూర్చుని మాట్లాడుకున్నాం. వయసు 22. సూర్యాపేట దగ్గర పల్లెటూరు. ఊళ్లో అమ్మ, చెల్లి. పెట్రోలు పోగా నెలకి 15 వేలు దాకా మిగులుతాయట. "పోలీస్ కంప్లైంట్ ఏమైనా..." అని నేను నసుగుతుంటే, "అవన్నీ ఎందుకన్నా, నాకు టైం పోతది. ఆర్డర్ డబ్బులు, బ్రేక్ లివర్ చూస్కో చాలు" అన్నాడు. ఆ మాటకి నాకు ఎంత హాయిగా అనిపించిందో గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. అతని మంచితనం నాకు అవసరమైంది, ఎందుకంటే నా దగ్గర ఉండాల్సిన కాగితం లేదు.

మందులు, లివర్, ఆర్డర్, రెండ్రోజుల పని, అన్నీ కలిపి ఇచ్చాను. నంబర్ తీసుకున్నాను. నా కారుకి ఎడమ తలుపు మీద ఒక గీత పడింది, అంతే.

22 లక్షల 68 వేలు

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచాను. ఆ తల పేవ్‌మెంట్ అంచుకి తగిలి ఉంటే ఏమయ్యేది?

ప్రమాదంలో చనిపోయినవారి కుటుంబానికి ఎంత ఇవ్వాలో మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్ తేలుస్తుంది. దానికి పద్ధతి ఉంది. సుప్రీం కోర్టు 2009లో, 2017లో ఇచ్చిన తీర్పులతో అది దాదాపు ఫార్ములాలా స్థిరపడింది. నెలకి 15 వేలంటే ఏడాదికి 1,80,000. నలభై ఏళ్ల లోపు వయసు, స్థిర ఉద్యోగం లేదు కాబట్టి ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలి, 2,52,000. పెళ్లి కానివాడు కాబట్టి సొంత ఖర్చు కింద సగం తీసేస్తారు, 1,26,000. 21 నుంచి 25 ఏళ్ల వాళ్లకి దాన్ని 18తో గుణిస్తారు. 22 లక్షల 68 వేలు. అంత్యక్రియల ఖర్చు లాంటివి దీని పైన.

కర్సర్ ఆ గడిలో మిణుకుమిణుకుమంటోంది. అతను బతికే ఉన్నాడు, "పర్లేదన్నా" అని నవ్వుతూ వెళ్లాడు. నేనిక్కడ కూర్చుని అతని ప్రాణానికి ఎక్సెల్ వేస్తున్నాను. ల్యాప్‌టాప్ మూసేశాను.

ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే మొదటిసారి జరిమానా 2,000, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇది చాలామందికి తెలుసు. నాకూ తెలుసు. కానీ అసలు భయపడాల్సింది జరిమానాకి కాదు. పాలసీ ఉంటే ఆ 22 లక్షలు కంపెనీ కడుతుంది. ఎదుటివారి ఆస్తి నష్టానికి 7.5 లక్షల దాకా అని హద్దు ఉంది కానీ, ప్రాణానికి, గాయాలకి థర్డ్ పార్టీలో హద్దే లేదు. ట్రిబ్యునల్ ఎంతంటే అంత. పాలసీ లేకపోతే అది నడిపిన నా మీద, ఓనరైన మా నాన్న మీద పడుతుంది. ఖమ్మంలో ఆయన ఇల్లు కూడా దాని పరిధిలోకి వస్తుంది.

లక్షా పదివేల కారుని కాపాడాలా వద్దా అని 20 రోజులు ఆలోచించాను. ఆ కారు చేయగలిగే నష్టానికి కారు ధరతో సంబంధమే లేదు. పాత వ్యాగన్ ఆర్ గుద్దినా, కోటి రూపాయల బండి గుద్దినా, మోకాలు ఒక్కటే.

పొద్దున్నే నాన్నకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. దాచాలనిపించింది కానీ, ఆర్‌సీ ఆయనది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట, "ఆ అబ్బాయి ఎట్లా ఉన్నాడు?" రెండోది, "ఇవాళే కట్టు. ఏది కడతావో నీ ఇష్టం. కట్టేదాకా బండి తీయకు."

వెనక సీట్లో ఎవరు?

థర్డ్ పార్టీ అయితే అప్పటికప్పుడు కట్టేసి బయటపడొచ్చు. అదే నొక్కబోయాను. చివరిసారిగా రెండు పాలసీల షరతులు చదివాను. అప్పుడు తెలిసింది ఇంకో సంగతి. ఇది నా ఫ్రెండ్స్‌లో ఒక్కరికి కూడా తెలియదు.

థర్డ్ పార్టీ అంటే బయటివాళ్లు. మరి మన కార్లోనే, మన పక్క సీట్లో, వెనక సీట్లో కూర్చున్నవాళ్లు? వాళ్లకి దెబ్బ తగిలితే? చట్టం కోసం మాత్రమే తీసుకునే పాలసీ, సొంత కార్లో ఊరికే ఎక్కించుకున్న వాళ్లకి వర్తించదని కోర్టులు చెప్తూ వచ్చాయి. ఫుల్ ఇన్సూరెన్స్, అంటే ప్యాకేజీ పాలసీ, కార్లో ఉన్నవాళ్లకి కూడా వర్తిస్తుందని 2012లో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. అంతకుముందే 2009లో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ కూడా కంపెనీలకి ఇదే చెప్పింది.

నేను నెలకోసారి ఖమ్మం వెళ్తాను. తిరుగు ప్రయాణంలో అమ్మనో నాన్ననో ఎక్కించుకొస్తాను, హాస్పిటల్ చెకప్‌లకి. సూర్యాపేట హైవే మీద, లారీల మధ్య. అమ్మ ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటుంది, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని. 2,183 రూపాయలు మిగుల్చుకునే ఆ లెక్కలో వెనక సీటు లేదు.

ఇంకొకటి. ఆ 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనర్‌ది. అంటే లైసెన్స్ ఉండి, ఆర్‌సీలో పేరున్న నాన్నకి మాత్రమే. నడిపేది నేను కాబట్టి నాకు అది రాదు. పోనీ ఆర్‌సీ నా పేరు మీదకి మార్చుకుందామా అంటే, 50 శాతం బోనస్ నాన్నది, కారుది కాదు. కారుతో పాటు నాకు రాదు. రేటు మళ్లీ 3,700కి వెళ్తుంది. అందుకని ఆర్‌సీ అలాగే ఉంచి, నా పేరు మీద విడిగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకున్నాను. కారు నడిపినా, బైక్ నడిపినా, రోడ్డు దాటినా అది పనిచేస్తుంది.

చివరికి ఫుల్ ఇన్సూరెన్సే కట్టాను, నాన్నలాగే. కారణం మాత్రం వేరు. గడువు దాటింది కాబట్టి కారు చుట్టూ తిరిగి వీడియో తీసి పంపమన్నారు. మర్నాడు మధ్యాహ్నానికి ఓకే చేశారు. గడువు దాటి 90 రోజుల లోపే కాబట్టి బోనస్ పోలేదు. చిన్న దెబ్బలకి ఎలాగూ క్లెయిమ్ చేయను కాబట్టి, నేను భరించే మొత్తాన్ని వెయ్యి కంటే పెంచమని అడిగాను. దాంతో ప్రీమియం ఇంకాస్త తగ్గింది. తలుపు మీద గీత అలాగే ఉంది.

మీకు కూడా ఫుల్లే కరెక్ట్ అని నేను చెప్పను. ఒంటరిగా ఆఫీసుకి వెళ్లొచ్చే కారు, పోయినా తట్టుకునే డబ్బు చేతిలో ఉంది, వరద భయం లేదు అంటే, థర్డ్ పార్టీ చాలు. అప్పుడప్పుడు ఎవరైనా ఎక్కితే ప్రయాణికుల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కలపమని అడగండి. కారు లేకపోతే మీ పని ఆగిపోతుంది అంటే, బాబాయ్‌ని గుర్తు తెచ్చుకోండి. ఏది తీసుకోవాలో తేలకపోతే, తేలేదాకా ఆగొద్దు. ముందు థర్డ్ పార్టీ అయినా కట్టేసి, తర్వాత ఆలోచించుకోండి. ఓన్ డ్యామేజ్ ఒక్కటే విడిగా తర్వాత కూడా తీసుకోవచ్చు, 2019 సెప్టెంబర్ నుంచి ఆ వీలుంది. నేను చేసిన తప్పు తక్కువ పాలసీ ఎంచుకోవడం కాదు, ఎంచుకుంటూ కూర్చోవడం.

వారం తర్వాత ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. "ఎవరూ?" అన్నాడు. చెప్పాక, "ఓ, సాంబార్ అన్నా! తగ్గిపోయింది, డ్యూటీలో ఉన్నా" అని పెట్టేశాడు.

పోయిన ఆదివారం ఖమ్మం వెళ్లినప్పుడు కొత్త పాలసీ ప్రింట్ తీసుకెళ్లాను. ఫోన్లో ఉంటే చాలని నాన్నకీ తెలుసు. అయినా కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. నీలం ఫైల్లో 13వ దాని వెనక దీన్ని పెట్టారు. పెట్టే ముందు రెండు తేదీల మధ్య వేలు పెట్టి ఆగారు. పాతది ముగిసిన రోజుకీ కొత్తది మొదలైన రోజుకీ మధ్య ఉన్న ఖాళీని చూశారు. ఏమీ అనలేదు. ఫైల్ మూసి నాకిచ్చారు.

వచ్చే ఏడాదికి నెల ముందే మోగేలా ఫోన్లో అలారం పెట్టుకున్నాను.